పదకొండు వందల దిబ్బలు, ఫ్రిజ్ మీద ఒక కాగితం

బయల్దేరక ముందు

సింప్సన్ ఎడారి ఎక్కడుందో మా అమ్మకి తెలియదు. ఎడారి అంటే ఏమిటో మాత్రం తెలుసు. 2024 ఆగస్టు చివర్లో అనంతపురం నుంచి ఫోన్ చేసి, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా "టీవీలో చూసినావా?" అంది. సౌదీలోని రబ్ అల్ ఖాలీ ఎడారిలో, తెలంగాణ నుంచి పనికి వెళ్లిన కుర్రాడొకడు తోటి పనివాడితో కలిసి దారి తప్పాడు. జీపీఎస్ పనిచేయలేదు, బండిలో ఇంధనం అయిపోయింది, ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. రోజుల తర్వాత ఇద్దరూ బండి పక్కనే దొరికారు, ప్రాణాలు లేకుండా. "ఆ పిల్లోడు పొట్టకూటికి పోయినాడు. నీకేం వచ్చిందిరా?" అంది అమ్మ.

నా దగ్గర జవాబు లేదు. మెల్‌బోర్న్‌లో మా గ్యారేజీలో అప్పటికే పది నీళ్ల క్యాన్లు వరసగా పెట్టి ఉన్నాయి.

మేం నలుగురం, రెండు బండ్లు. ప్రాడోలో నేనూ మా ఆవిడ సుధ. వెనక తొట్టి ఉండే ఇసుజు యూట్‌లో మా బావ, ఆయన ఆఫీసు స్నేహితుడు శ్రీను. సౌత్ ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన మౌంట్ డేర్ దగ్గర ఎడారిలో దిగి, తూర్పున క్వీన్స్‌లాండ్‌లోని బర్డ్స్‌విల్‌లో తేలాలి. మధ్యలో సుమారు 500 కిలోమీటర్లు. బంకు లేదు, ఊరు లేదు, సెల్ సిగ్నల్ లేదు. ఉన్నవల్లా ఇసుక దిబ్బలు. 1,100కు పైగా, ఉత్తరం నుంచి దక్షిణానికి దువ్వెన పళ్లలా ఒకదాని పక్కన ఒకటి. మన దారి వాటికి అడ్డంగా పోతుంది.

అక్క రానంది. పిల్లల్ని చూసుకోవాలి కదా అంది గానీ, అసలు సంగతి మా నలుగురి మీదా ఆమెకి నమ్మకం లేకపోవడం. "పోండి, కాదన్ను. కానీ మీ దగ్గర్నుంచి కబురు రాకపోతే నేను ఎన్ని గంటలకి ఎవరికి ఫోన్ చెయ్యాలో కాగితం మీద రాసిచ్చి పోండి" అంది.

అప్పటిదాకా మా ప్లానింగ్ అంతా సామాన్ల మీదే. ఏ టైర్లు, ఏ ఫ్రిజ్, పైన లైట్ల బార్ కావాలా వద్దా. వాట్సాప్ గ్రూపులో రెండు నెలలు అదే గోల. అక్క అడిగిన ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం నలుగురం నాలుగు జవాబులు చెప్పాం. బావ తేలిగ్గా "ఒకరోజు చూడొచ్చులే" అన్నాడు. సుధ వెంటనే "ఒకరోజంటే ఎన్ని లీటర్ల నీళ్లు, అన్నయ్యగారూ?" అంది. ఆ రాత్రి వంటింటి బల్ల మీద మొదటిసారి నిజమైన లెక్క మొదలైంది.

నీళ్లు: మనిషికి రోజుకు 7 లీటర్లు అనుకున్నాం, తాగడానికీ వండుకోవడానికీ కలిపి. దారి ఐదు రోజులు, ఎక్కడైనా చిక్కుకుపోతే ఇంకో రెండు. నలుగురికి 196. అంటే 20 లీటర్ల క్యాన్లు పది, బండికి ఐదు. ఒకే పెద్ద ట్యాంకు ఎందుకు పెట్టకూడదని శ్రీను అడిగాడు. ట్యాంకు పగిలితే మొత్తం పోతుంది, క్యాన్ పగిలితే ఒక్కటే పోతుంది. ఈ మాట అన్నది నేనే, చాలా తెలివిగా. నాలుగో రోజుకి దాని విలువ తెలిసింది.

డీజిల్ లెక్కలో అందరం బోల్తా పడ్డాం. 500 కిలోమీటర్లు, ఇసుకలో వందకు 18 లీటర్లు, అంటే 90 చాలు కదా అనుకున్నాం. చాలదు. బర్డ్స్‌విల్ ఇంకాస్త దూరంలో ఉందనగా అయర్ క్రీక్ అనే వాగు అడ్డం వస్తుంది. ఎగువన ఎక్కడో వానలు పడి అది పారుతోందనుకోండి, 400 కిలోమీటర్లు వచ్చినవాళ్లం మళ్లీ 400 వెనక్కి పోవాలి. ఎడారి దాటడానికి ఎంత కావాలని కాదు, చివరి అంచు దాకా వెళ్లి తిరిగి రావడానికి ఎంత కావాలని లెక్క వేసుకోవాలి. 800 కిలోమీటర్లకి 144 లీటర్లు. ప్రాడో ట్యాంకు 150, దానికి తోడు ఒక జెర్రీ క్యాన్, అంటే డీజిల్ డబ్బా. బావ యూట్ ట్యాంకు 76, వెనక తొట్టిలో ఐదు జెర్రీ క్యాన్లు. టాప్ మీద కట్టొద్దనుకున్నాం. దిబ్బ మీద బండి పక్కకి ఒరిగినప్పుడు పైబరువు ఎంత చేటో చెప్పక్కర్లేదు.

కాగితం చివరికి ఇలా తయారైంది. రోజూ రాత్రి 8కి, ఎక్కడున్నా మెల్‌బోర్న్ టైమ్ ప్రకారమే, శాటిలైట్ మెసెంజర్ నుంచి "క్యాంపు వేశాం" అని మెసేజ్. 8 నుంచి 8:30 దాకా శాటిలైట్ ఫోన్ ఆన్‌లో. రాత్రి కబురు రాకపోతే కంగారు పడొద్దు. మర్నాడు మధ్యాహ్నం 12 దాకా కూడా రాకపోతే మౌంట్ డేర్ హోటల్‌కి ఫోన్, మమ్మల్ని దారిలో ఎవరైనా చూశారేమో అడగాలి. సాయంత్రం 4కి పోలీసులకి. కింద రెండు బండ్ల రంగులు, నంబర్లు, నలుగురి పేర్లు, ఎవరికి ఏ మందులు, ఏ రాత్రి ఎక్కడ ఆగుతామో. అక్క దాన్ని ఫ్రిజ్ మీద తిరుపతి వెంకన్న మ్యాగ్నెట్ కింద పెట్టింది.

మా నలుగురికీ మాత్రం ఒకటే నియమం, బండి వదిలి నడవొద్దు. 1963 డిసెంబర్‌లో బర్డ్స్‌విల్ ట్రాక్ మీద పేజ్ కుటుంబం, తల్లీతండ్రీ ముగ్గురు కొడుకులూ, పెట్రోల్ అయిపోయాక కారు వదిలి నడిచారు. ఐదుగురూ దాహంతో చనిపోయారు. విమానంలో వెతికేవాడికి బండి కనిపిస్తుంది, మనిషి కనిపించడు.

మొదటి రెండు రోజులు: మెల్‌బోర్న్ నుంచి కూబర్ పీడీ

అమ్మ వీడియో కాల్‌లో చూస్తుండగా ఎనిమిది నిమ్మకాయలు, చక్రానికొకటి. కొబ్బరికాయ కొట్టాం. మిగిలిన డజను నిమ్మకాయల్ని సుధ పులిహోర కోసం డబ్బాలో పెట్టుకుంది, అవి మాత్రం సౌత్ ఆస్ట్రేలియా సరిహద్దులో చెత్తబుట్టలోకి పోయాయి. పళ్ల ఈగ వస్తుందని ఆ రాష్ట్రంలోకి పళ్లూ కూరగాయలూ రానివ్వరు. పచ్చిమిరపకాయలూ పోయాయి. గోంగూర పచ్చడి సీసా బతికింది.

అడిలైడ్‌లో ఒక రాత్రి, మర్నాడు 850 కిలోమీటర్ల తారురోడ్డు, కూబర్ పీడీ. ఓపల్ రాళ్ల గనుల ఊరు, ఎండకి తట్టుకోలేక జనం నేల కింద ఇళ్లు తొలుచుకున్నారు. ఫొటోలు చాలా తీశాం, చెప్పుకోవడానికి అంతకన్నా ఏం లేదు.

మూడో రోజు: ఊడ్నడాటా

తారు అయిపోయింది. మట్టిరోడ్డు మొదలయ్యే చోట ఆగి టైర్లలో గాలి 28కి దించాం. ఇక్కడి రోడ్ల మీద అలల్లాంటి గతుకులు ఉంటాయి, రేకుల షెడ్డు పైకప్పు మీద నడిపినట్టే. బండిలో ప్రతి నట్టూ మాట్లాడుతుంది. సుధ పళ్లు బిగించుకుని కూర్చుంది. 195 కిలోమీటర్లకి నాలుగు గంటలు పట్టింది, మధ్యలో టీకి ఆగిన టైమ్ కలిపి.

ఊడ్నడాటాలో గులాబీరంగు పూసిన రోడ్‌హౌస్ ఉంది. దాని ముందు నిలబడితే ఇక్కడ 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైందంటే నమ్మబుద్ధి కాదు, మేం వెళ్లిన సెప్టెంబర్ చివర్లో సాయంత్రం గాలి హాయిగా ఉంది. సింప్సన్ పార్కుని ఏటా డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా ఎందుకు మూసేస్తారో ఆ అంకె ఒక్కటే చెబుతుంది. ఆ ఎండలో ఇరుక్కుంటే మా 196 లీటర్ల లెక్క ఏ మూలకీ రాదు.

నాలుగో రోజు: మౌంట్ డేర్

దారిలో బ్లడ్స్ క్రీక్ శిథిలాలు. 1936లో టెడ్ కోల్సన్ అనే ఆయన ఇక్కడి నుంచే, అంటకిరిన్య తెగకు చెందిన పీటర్ ఏన్స్‌తో కలిసి, ఒంటెల మీద ఈ ఎడారి దాటి బర్డ్స్‌విల్ చేరాడు. అక్కడితో ఆగకుండా తిరిగి కూడా వచ్చాడు. తెల్లవాళ్లలో మొదటివాడు ఆయనే. అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ వాంగ్‌కంగురు జనం ఈ ఇసుకలో తవ్వుకున్న చిన్న బావుల్ని పట్టుకునే తిరిగారు, బతికారు.

మౌంట్ డేర్‌లో బండి వెనక తలుపు తీస్తే నీళ్లు కారాయి. ఒక క్యాన్ కుళాయి గతుకులకి మెడ దగ్గర విరిగింది. 20 లీటర్లూ మా పరుపుల్లోకి. దిండు ఎత్తితే గుడిలో అభిషేకం అయినట్టు ధార. తప్పు నాదే, కుళాయి బయటికి పెట్టుకుని క్యాన్‌ని పడుకోబెట్టాను, పక్కనే ఇనుప పనిముట్ల పెట్టె. బావ ఏమీ అనలేదు, "క్యాన్ పగిలితే ఒక్కటే పోతుంది" అని నా గొంతుతో నా మాటే నాకు అప్పజెప్పాడు.

సాయంత్రమంతా అదే పని. కుళాయిలన్నీ పీకి మూతలు బిగించాం. క్యాన్లని నిలబెట్టి, మధ్యలో పాత దుప్పట్లు కుక్కి, పట్టీతో కట్టాం. మౌంట్ డేర్‌లో ఒక క్యాన్ కొని, నింపుకున్నాం. డీజిల్ ధర సిటీ ధరకన్నా బాగా ఎక్కువ. ఇంత దూరం లారీలో మోసుకొచ్చి అమ్మేవాడితో బేరం ఏమాడతాం. పరుపులు మాత్రం ఆరలేదు. ఆ రాత్రి చలికి వణుకుతూ పడుకున్నాం, పగలు ఎండ ఎంత ఉన్నా ఎడారి రాత్రి ఎముకలు కొరుకుతుంది.

8కి మెసేజ్ పంపాం. అక్క జవాబు: "సరే. పరుపులు ఎండేయండి." బావ అప్పటికే అన్నీ చెప్పేసినట్టున్నాడు.

ఐదో రోజు: డల్హౌసీ, పుర్ని బోర్

డల్హౌసీ ఊటల్లో తెల్లారేసరికి దిగాం. నేల కింద గ్రేట్ ఆర్టీషియన్ బేసిన్ నుంచి ఉబికివచ్చే నీళ్లు, 35 డిగ్రీల పైనే ఉంటాయి. మంగళవారం తలంటుకి అమ్మ కాచిపెట్టినట్టు ఉన్నాయి. కదలకుండా నిలబడితే చిన్న చేపలు వచ్చి కాళ్లు గిల్లుతాయి. ఎండిపోయిన నేల మధ్య ఆ చేపలు ఎప్పటి నుంచి ఉన్నాయో, వేరే నీళ్లే చూడకుండా.

అక్కడి నుంచి ఎడారి. రెండు బండ్లకీ జెండాలు ఎత్తాం. నేల నుంచి మూడున్నర మీటర్ల ఎత్తున నారింజరంగు గుడ్డ, ఇది ఇక్కడ చట్టం. దిబ్బకి ఇటు నుంచి మనం, అటు నుంచి ఇంకొకడు ఎక్కుతుంటే శిఖరం మీద మూతులు తగిలేదాకా ఒకరికొకరు కనబడరు. ముందుగా కనిపించేది ఆ గుడ్డే. రేడియోలో 10వ ఛానల్ పెట్టుకుని దిబ్బలెక్కే ముందల్లా శ్రీను అరిచేవాడు, "రెండు బండ్లు, తూర్పుకి, పుర్ని బోర్ వైపు." పొద్దున ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యాహ్నానికి అలవాటుగా తెలుగులోకి దిగాడు. ఎవరో ముసలాయన "సే దట్ అగైన్, మేట్?" అన్నాక మళ్లీ ఇంగ్లీషు.

గాలి 18కి దించాం. వాల్వ్ విప్పగానే పాములా బుస కొడుతూ పోతుంది, టైరు కింద పొట్ట ఉబ్బినట్టు పరచుకుంటుంది. ఇసుక మీద ఒంటె పాదంలా ఉండాలి టైరు. గాలి దించనివాడి చక్రం ఇసుకని తవ్వుతుంది. వాడు తవ్విన గుంతల్లో వెనక వచ్చేవాడి బండి గుర్రంలా ఎగురుతుంది, వాడూ గట్టిగా తొక్కుతాడు, గుంత ఇంకా పెద్దదవుతుంది. ఫ్రెంచ్ లైన్ నిండా అవే గుంతలు. 1960ల్లో ఫ్రెంచి పెట్రోలియం కంపెనీ చమురు వెతుకుతూ దిబ్బల మీద బుల్‌డోజర్‌తో తిన్నగా గీసిన దారి అది. చమురు దొరకలేదు. దారి మిగిలింది, పుర్ని బోర్ మిగిలింది. చమురు కోసం తవ్విన ఆ బోరులో వేడినీళ్లు పడ్డాయి, ఇప్పటికీ చిన్న మడుగు ఉంది. సాయంత్రం మడుగు చుట్టూ చిన్న పిట్టలు గుంపులు గుంపులుగా. రాత్రి ఒక డింగో, ఇక్కడి అడవి కుక్క, మా చెత్త సంచి దగ్గరికి వచ్చి, గోంగూర వాసన చూసి వెళ్లిపోయింది.

ఆరో రోజు: ఫ్రెంచ్ లైన్

ఈ రోజు గురించే అసలు రాయాలనుకున్నాను.

పడమటి నుంచి తూర్పుకి వెళ్లేవాళ్లకి దిబ్బలు కాస్త జాలి చూపిస్తాయి. పడమటి వైపు వాలు తక్కువ, తూర్పు వైపు నిట్రంగా ఉంటుంది. అందుకే ఎక్కువమంది ఇటు నుంచే వస్తారు. మేం పెట్టుకున్న పద్ధతి ఒకటే, ముందు బండి దిబ్బ దాటి "క్లియర్" అనేదాకా రెండోది కింద ఆగాలి. లో రేంజ్, రెండో గేరు, ఒకే ఊపు. శిఖరం దగ్గర కాస్త నెమ్మదించాలి, ఆగకూడదు. చెప్పడానికి బాగుంటుంది.

పొద్దున ముప్పై దాకా లెక్కపెట్టి వదిలేశాం. మధ్యాహ్నానికి ఎండ 35 దాటింది, వేడెక్కిన ఇసుక పిండిలా జారుతోంది. మూడున్నరకి ఒక దిబ్బ, పెద్దదేమీ కాదు, చూస్తే నవ్వొచ్చేంత. శిఖరం ఇంకో బండి పొడవు ఉందనగా అవతల జెండా కదిలినట్టు అనిపించి కాలు ఎత్తేశాను. జెండా కాదు, నా కళ్లజోడు మీద ఈగ. బండి ఆగిపోయింది.

అలా ఆగితే తిన్నగా వెనక్కి రావాలి, మళ్లీ ఊపు తీసుకుని ఎక్కాలి. నాకు తెలుసు. తెలిసీ, ఇంకొంచెమే కదా అని తొక్కాను. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, బండి ఎడమకి జారి, పొట్ట ఇసుక మీద ఆనింది. దిగి కింద పడుకుని చూస్తే ఛాసిస్‌కీ ఇసుకకీ మధ్య వేలు కూడా పట్టదు. ఎండిన గడ్డి ఏదైనా సైలెన్సర్‌కి అంటుకుందేమో ముందు అది చూశాను. ఇక్కడి స్పినిఫెక్స్ గడ్డిలో జిగురుంటుంది, వేడి గొట్టానికి అంటుకుంటే బండి మొత్తం కాలిపోతుంది.

శ్రీను తాడు తీసుకుని పరుగెత్తుకొచ్చాడు, కొక్కేన్ని టో బాల్‌కి, అంటే బండి వెనక ట్రైలర్ తగిలించే గుండుకి, తగిలించబోయాడు. బావ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. సాగే తాడుతో లాగుతున్నప్పుడు ఆ గుండు విరిగితే ఫిరంగి గుండులా ఎగిరొస్తుంది, దానికి మనుషులు చచ్చిపోయారు. లాగాలంటే ఛాసిస్‌కి బోల్టులతో బిగించిన కొక్కేలకే తగిలించాలి. తాడు పక్కన పెట్టేశాం. ఇక మిగిలింది పార.

పైన ఇసుక అరిచేయి కాల్చేంత వేడి. జానెడు తవ్వితే చల్లగా, తడిలేని మంచులా ఉంటుంది. ఒక పార తీస్తే అర పార మళ్లీ జారి వస్తుంది. నాలుగు చక్రాల ముందూ, పొట్ట కిందా తవ్వాలి. మాట్లాడుకోలేదు ఎవరం. టైర్లలో గాలి 14కి దించి, ప్లాస్టిక్ పలకలు చక్రాల కింద దూర్చుతుంటే బావ అన్నాడు, "పెన్నలో బండి దిగబడితే మా తాత చక్రాల కింద కంప కొట్టి వేసేవాడు. అదే ఇది. అప్పుడు ఊరికే దొరికేది, ఇప్పుడు మూడొందల డాలర్లు."

మొదటిసారి బండి పలక ఎక్కి మళ్లీ జారింది. రెండోసారి పలకే ఎగిరి వెనక్కి పడింది. మూడోసారి, ఆరు కావొస్తుండగా, తిన్నగా వెనక్కి దిగింది. సుధ నీళ్లు పోసి ఇస్తుంటే గ్లాసు పట్టుకోలేనంతగా చేతులు వణికాయి. రెండున్నర గంటల్లో నలుగురం 11 లీటర్లు తాగాం, సుధ లెక్క రాసింది. ఆ ఒక్క దిబ్బ కోసం. రోజుకు 7 లీటర్లు ఎక్కువ అని వాదించింది నేనే, బరువు అని.

మళ్లీ ఎక్కాను. ఈసారి సాఫీగా. అవతల దిగగానే చీకటి పడుతోంది, అక్కడే క్యాంపు. ఉప్పుడు పిండి వండుకుని తిన్నాం. మెసెంజర్‌లో "క్యాంపు వేశాం" అని కొట్టి, పంపు నొక్కి, బండి డ్యాష్‌బోర్డ్ అరలో పెట్టి తలుపు వేశాను. శాటిలైట్ ఫోన్ ఎవరికీ గుర్తు రాలేదు. 8:15కి నలుగురం నిద్రలో ఉన్నాం.

ఏడో రోజు: పోపెల్ కార్నర్

పొద్దున్నే బయల్దేరాం, ఇసుక చల్లగా గట్టిగా ఉన్నప్పుడు. నిన్న మమ్మల్ని ఏడిపించినలాంటి దిబ్బల్ని ఇప్పుడు అలవోకగా దాటాం. హుషారుగా ఉన్నాం. శ్రీను రేడియోలో పద్యాలు మొదలుపెట్టాడు.

టీకి ఆగినప్పుడు ఎంత దూరం వచ్చామో చూద్దామని అరలోంచి మెసెంజర్ తీశాను. స్క్రీన్ మీద ఇంకా గడియారం ముల్లు గుర్తు తిరుగుతోంది. మెసేజ్ వెళ్లలేదు. దానికి ఆకాశం కనబడాలి, పంపు నొక్కితే సరిపోదు, వెళ్లిందని చూపించేదాకా బయట ఉంచాలి. ఇది కొన్న రోజే చదివాను.

ఆకాశం కిందకి తెచ్చిన నిమిషానికి అక్క మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి.

"ఎక్కడున్నారు?"

"ఫోన్ ఆఫ్ వస్తోంది."

"ఒరేయ్."

"బావతో మాట్లాడించు."

"12 దాకా ఆగుతా. కాగితంలో ఉన్నట్టే."

బండి గడియారం చూశాను, 11:10. "ఇంకా యాభై నిమిషాలుంది" అన్నాను. సుధ నా వైపు చూసి, "అది ఇక్కడి టైమ్. అక్కడ 11:40" అంది. సౌత్ ఆస్ట్రేలియా మెల్‌బోర్న్ కన్నా అరగంట వెనక. అన్నీ మెల్‌బోర్న్ టైమ్ ప్రకారమే అని కాగితంలో నా చేత్తోనే రాశాను.

బావ శాటిలైట్ ఫోన్ ఆన్ చేసి దిబ్బ పైకి పరుగెత్తాడు. అవతల నుంచి అక్క ఏమందో మాకు వినబడలేదు. బావ "ఆఁ", "లేదు", "తప్పే", "ఆఁ" అన్నాడు, దిగొచ్చి నా చేతిలో ఫోన్ పెట్టి "నీకే" అన్నాడు. అక్క తిట్టలేదు. "తిన్నారా?" అంది. అదే ఎక్కువ బాధేసింది.

ఆ తర్వాత మెసెంజర్‌ని ముందు అద్దం కింద, ఆకాశం కనబడేలా తాడుతో కట్టాం. పని సుధకి అప్పగించాం.

సాయంత్రం ఉప్పు సరస్సుల పక్కగా వెళ్లి పోపెల్ కార్నర్ చేరాం. సౌత్ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీ, క్వీన్స్‌లాండ్ కలిసే స్తంభం. ఒంటెల మీద సర్వే చేసిన ఆగస్టస్ పోపెల్ 1880లో మొదట ఈ మూలని కొన్ని వందల మీటర్లు పడమటికి పాతాడు, ఉప్పు సరస్సులో. కారణం, ఆయన కొలత గొలుసు ఒక అంగుళం ఎక్కువ పొడవుంది. ఒక్కో గొలుసుకి ఒక్కో అంగుళం, వందల కిలోమీటర్ల దాకా. తర్వాత ఇంకో సర్వేయర్ వచ్చి సరిదిద్దాడు. "అరగంట తప్పు చేసినవాడికి అంగుళం కథ బాగా నచ్చుతుంది" అన్నాడు బావ, నా భుజం మీద చెయ్యేసి.

8కి మెసేజ్ వెళ్లింది. వెళ్లిందని చూపించేదాకా సుధ దాన్ని చేత్తో పట్టుకుని బయటే నిలబడింది. పైన నక్షత్రాలు ఎన్నున్నాయో చెప్పలేను.

ఎనిమిదో రోజు: బిగ్ రెడ్, బర్డ్స్‌విల్

పోపెల్ కార్నర్ నుంచి బర్డ్స్‌విల్ వైపు పోయే దారిని క్యూఏఏ లైన్ అంటారు, దాని మీద దిబ్బలు ఎత్తుగా, దూరదూరంగా ఉంటాయి. మధ్యలో గట్టి మట్టినేలల మీద బండి మూడో గేరు దాకా వెళ్లింది. అయర్ క్రీక్ ఎండిపోయి ఉంది. అంత లెక్కలు వేసిన వాగు, రెండు కూలబా చెట్లు, కొంచెం పగిలిన మట్టి. 20 సెకన్లలో దాటేశాం. ట్యాంకులో ఇంకా 61 లీటర్లు.

చివరిది బిగ్ రెడ్, 40 మీటర్ల ఎత్తు. దీనికి పక్కదారి ఉంది. ప్రాడో పక్కదారినే పోవాలని మూడు ఓట్లకి ఒకటి తేడాతో తీర్మానం అయింది, ఆ ఒక్క ఓటు నాది. బావ మాత్రం మూడోసారికి ఎక్కాడు, పైనుంచి రేడియోలో ఏదో అరిచాడు, గాలికి వినబడలేదు.

1962లో రెగ్ స్ప్రిగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త, భార్య గ్రిసెల్డా, ఇద్దరు పిల్లలతో నిస్సాన్ ప్యాట్రోల్ జీపులో ఈ ఎడారి దాటాడు, బండిలో దాటిన మొదటివాళ్లు వాళ్లే. బర్డ్స్‌విల్ హోటల్ అరుగు మీద కూర్చుని టైర్లలోకి మళ్లీ గాలి ఎక్కుతున్న చప్పుడు వింటూ ఆ సంగతి చెబితే, శ్రీను "మెసెంజర్ లేకుండానా? ఇంట్లో ఎవరు ఎదురుచూశారో" అన్నాడు. ఆ హోటల్ 1884 నుంచి ఉంది, ఎంతమంది అలా దుమ్ముతో వచ్చి కూర్చుని ఉంటారో.

మిగిలిన నీళ్లు 74 లీటర్లు. ఒక క్యాన్‌తో మొహాలు కడుక్కున్నాం.

ఇంటికి

మెల్‌బోర్న్ చేరాక పిల్లల్ని తీసుకుందామని అక్క వాళ్లింటికి వెళ్లాం. కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. నేను టైప్ చేసిన వరసల పక్కన పెన్సిల్‌తో అక్క రాసుకుంది. నాలుగో రోజు 8:02. ఐదో రోజు 8:00. ఆరో రోజు ఎదురుగా 8:10 లేదు, 8:25 ఫోన్ ఆఫ్, 10:00, 12:30, 3:15, 5:40. ఏడో రోజు 9:00, 10:30, 11:30. దాని కింద 11:43 వచ్చింది, రెండు గీతలు.

కాగితం అడుగున మౌంట్ డేర్ హోటల్ నంబర్‌ని, నేను చిన్న అక్షరాల్లో టైప్ చేసిందాన్నే, స్కెచ్ పెన్నుతో మళ్లీ రాసి పెట్టుకుంది. కళ్లజోడు లేకపోయినా కనబడేంత పెద్దగా.